తొమ్మిది దాటిన రొట్టె

పొద్దున్న ఎనిమిదింటికి లేవాలి, తలుపు ఓరగా తీసి బయట వేలాడే రొట్టె సంచీ లోపలికి తీసుకోవాలి, మళ్ళీ పడుకోవాలి. గస్పార్ ఆనాటి కార్యక్రమం మొత్తం ఇంతే. పోర్తో నగరంలో ముప్పై ఏళ్ళు ట్రాము నడిపి, కోడికంటే ముందు లేచిన మనిషి అతను. రిటైరయ్యాక ఓ వారం పాటు కడుపునిండా నిద్రపోదామని, దేశపటంలో అన్నిటికంటే చిన్న అక్షరాలతో ఉన్న ఊరు వెతుక్కుని మా ఫోంతసేకాకి వచ్చాడు.

అతను బస్సు దిగిన సాయంత్రం ఊరు ఊరంతా కాఫీ కొట్టులో కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తోంది. కొత్త మనిషి వీధిలో నడిచి వెళ్ళినా ఒక్కరి కంటా పడలేదు. మా ఊళ్ళో అలాంటి సాయంత్రం అరుదు. గది అద్దెకిచ్చిన యూఫ్రాజియా మ్యాచ్ ఎప్పుడో కనుక్కుని, సరిగ్గా ఆ వేళకే అతన్ని రమ్మంది.

యూఫ్రాజియాకి డెబ్బై దాటాయి. మొగుడు పోయిన నాటి నుంచి మా ఊరి ఆడవాళ్ళందరిలాగే నలుపు తప్ప మరో రంగు వేసుకోలేదు. ఎదురింట్లో ఆడపడుచు సెలెష్తీనా ఉంటుంది. పోయిన అన్నగారి జ్ఞాపకానికి ఆవిడే కాపలా. వదిన నలుపు ఉతికి ఉతికి కాస్త వెలిసినా, "మా అన్న అప్పుడే మాసిపోయాడా?" అని అడగ్గల సమర్థురాలు.

ఇలా ఉండగా, పక్క ఊళ్ళో తేనెటీగలు పెంచుకునే బల్తజార్ ఓ పని చేశాడు. ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో, కింద పరిచిన పట్టా ఒక కొస అతనూ ఇంకో కొస యూఫ్రాజియా పట్టుకుని ఉండగా, మీకు అభ్యంతరం లేకపోతే పెళ్ళి చేసుకుందామన్నాడు. ఆమె పట్టా వదిలేసింది. కాయలన్నీ వాలులో దొర్లిపోయాయి. జవాబు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. అవుననడానికి భయం, కాదనడానికి బెంగ. ఒక్క రోజు వెళ్ళి అతని ఇల్లూ వంటగదీ అతన్నీ తీరిగ్గా చూసుకుని, ఎవరి నోళ్ళలోనూ పడకుండా తనకు తాను తేల్చుకోవాలని ఆమె కోరిక. తేలకముందే సెలెష్తీనా చెవిన పడితే, తేల్చుకోవడానికి ఇక మిగిలేదేమీ ఉండదు.

ఇంటికి తాళం వేసి వెళ్ళిపోవచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది రొట్టె. మా ఊళ్ళో రాత్రి పడుకోబోయే ముందు గుడ్డ సంచీ ఒకటి తలుపు పిడికి తగిలిస్తాం. తెల్లవారకముందే రొట్టెల వ్యాను మార్తీం వచ్చి అందులో రొట్టె వేసి పోతాడు. ముసలివాళ్ళ ఊరు కాబట్టి, తొమ్మిదింటికి కూడా సంచీ అలాగే వేలాడుతుంటే ఇరుగుపొరుగు వచ్చి తలుపు తడతారు. పలకకపోతే చర్చి గంట కొట్టిస్తారు. పోనీ రేపటికి రొట్టె వద్దందామంటే, మార్తీం ఎందుకని అడుగుతాడు. ఆ సంగతిని రొట్టెలతో పాటు ఊరూరా పంచిపెడతాడు. అందుకని యూఫ్రాజియా అతిథిని పెట్టుకుంది. ఆమె గది అద్దెకిచ్చింది డబ్బు కోసం కాదు, సంచీ లోపలికి తీసే చేయి ఒకటి కావాలి గనక.

"ఈ నల్ల శాలువా కప్పుకుని చెయ్యి మాత్రం బయట పెట్టండి గస్పార్ గారూ," అని చెప్పింది ఆ రాత్రి. "మనిషి కనపడక్కర్లేదు. నేను సాయంత్రానికి వచ్చేస్తాను. ఎక్కడికెళ్తున్నానో మీకు చెప్పానంటే మిమ్మల్ని నమ్మే కదా."

గస్పార్ గుండెమీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఆలస్యంగా లేవలేదన్నాడు. అది అబద్ధం కాదు.

ఆ నమ్మకంతోనే ఆవిడ గొర్రెపిల్ల మాంసం కూర వడ్డించి, కూజాడు వైను పక్కన పెట్టింది. ఇంట్లో మంచి పరుపు తన గదిలోనే ఉంది గనక ఆ గదే అతనికిచ్చింది. మా చర్చి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది, మొదటిసారి లెక్క తప్పినవాళ్ళ కోసం. కొత్తవాళ్ళకి దానితో నిద్ర పట్టదని, చెవుల్లో పెట్టుకోమని దూది కూడా ఆవిడే తెచ్చి ఇచ్చింది. తన గొయ్యి తాను తవ్వుకోవడం అంటారే, అది ఇంత మర్యాదగా తవ్వినవాళ్ళని నేను చూడలేదు.

తెల్లవారుజామున యూఫ్రాజియా కిటికీలు మూసుకుని కుట్టుకున్న నీలం గౌను వేసుకుని, పొలాలకు అడ్డంపడి అవతలి స్టాపులో బస్సెక్కింది. గదిలో చలి ముదిరింది. గస్పార్ నిద్రలోనే నల్ల శాలువా లాక్కుని తలమీదుగా కప్పుకుని గోడవైపు తిరిగాడు. మాంసం, వైను, పరుపు, దూది నాలుగూ కలిసి ముప్పై ఏళ్ళ అలవాటును ఒక్క పొద్దులో జోకొట్టేశాయి. అంతకుముందే, ఆవిడని సాగనంపి మళ్ళీ పడుకోబోతూ, నగరం మనిషి కాబట్టి, వీధి తలుపుకి లోపలి గడియ కూడా పెట్టుకున్నాడు. మా ఊళ్ళో లోపలి గడియలు ఉంటాయి గాని, వాటిని పెట్టినవాళ్ళు లేరు.

తొమ్మిది కొట్టింది. మళ్ళీ తొమ్మిది కొట్టింది. సెలెష్తీనా కిటికీలోంచి చూసింది, సంచీ వేలాడుతోంది. కాసేపు ఓపిక పట్టింది. తర్వాత వీధి దాటి తలుపు తట్టింది, పిలిచింది, తన దగ్గరున్న తాళంచెవి పెట్టి తిప్పింది. తాళం తిరిగింది గాని తలుపు రాలేదు. లోపల గడియ పడి ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. పడకగది కిటికీ సందులోంచి కన్ను పెట్టి చూసింది. మంచం మీద వదిన శాలువా. దాని కింద మనిషి. కదలిక లేదు.

"ఒక్క రాత్రిలో ఎంత ఉబ్బిపోయిందో మా వదిన," అని వీధంతా వినపడేలా గొల్లుమంది.

తర్వాత జరిగినవి వాటంతటవే జరిగాయి. చర్చి పనివాడు జెఫెరీను గంట తాడు పట్టుకున్నాడు. మా చర్చి గంటకి మగవాళ్ళ చావుకో లెక్క, ఆడవాళ్ళ చావుకో లెక్క. ఆడమనిషి గంట మోగేసరికి ఎవరని ఒకరినొకరు అడుక్కుంటూ ఊరంతా యూఫ్రాజియా గుమ్మం ముందుకి వచ్చింది. ఊరి క్లబ్బులోంచి కుర్చీలు వచ్చాయి. ఆకుకూర సూపు గిన్నె వచ్చింది, ఉప్పుచేపా శనగలూ వచ్చాయి. ఫాదర్ గారు మరో మూడు ఊళ్ళకి కూడా ఫాదరే కాబట్టి, ఎక్కడున్నారో వెతికి ఆయనకి ఫోను చేశారు. వడ్రంగి నొర్బెర్తు తలుపుని కీళ్ళ దగ్గర ఊడదీసి గోడకి ఆనించాడు.

ఆడవాళ్ళు మంచం చుట్టూ మోకరిల్లి జపమాలలు తీశారు. శాలువా ఎత్తి ముఖం చూసే ధైర్యం ఎవరికీ లేదు. సెలెష్తీనా మంచంకోడు పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఇన్నేళ్ళూ తాను ఎదురుగుండా నిలబడి కాపలా కాసిన మనిషి లేకపోతే తనకిక చూడటానికి ఏముందో ఆవిడకి అప్పుడే తెలిసొచ్చింది.

"నిన్ను కాల్చుకు తిన్నానే వదినా," అంది అందరూ వింటుండగా. "నువ్వొక్కసారి లేచి రా. ఈ నల్ల గుడ్డలు నా చేత్తో నేనే పొయ్యిలో పెడతాను. నీకిష్టమైన రంగు వేసుకో, నేనడిగితే ఒట్టు."

గస్పార్‌కి ఆ మాటలేవీ వినపడలేదు. మెలకువ మాత్రం వచ్చింది. కళ్ళు తెరిచి ఇటు తిరిగాడు. చుట్టూ నల్లబట్టల ఆడవాళ్ళు, చేతుల్లో కొవ్వొత్తులు, పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. తాను పోయాననుకున్నాడు. ఎలా పోయాడో గుర్తురాలేదు. గొర్రెపిల్ల మాంసం మీద కాస్త అనుమానం కలిగింది. పోయినవాడు పడుకునే ఉండటం మర్యాదో, లేవడం మర్యాదో తెలియక, చివరికి మెల్లగా లేచి కూర్చుని చెవుల్లో దూది తీశాడు.

దూది తియ్యగానే కేకలు వినపడ్డాయి. ఇద్దరు కిటికీలోంచి బయటపడ్డారు. సెలెష్తీనా మాత్రం కదలలేదు.

"ఎవరయ్యా నువ్వు? మా వదినేదీ?"

గస్పార్ నోరు తెరిచి, ఇచ్చిన మాట గుర్తొచ్చి మూశాడు. తెలియదన్నాడు. ఆమె మంచంలో ఎందుకున్నావంటే నిద్రపోతున్నానన్నాడు. ఆమె శాలువా నీకెందుకంటే, కాసేపు ఆలోచించి, చలేసిందన్నాడు. మొదటిది తప్ప అన్నీ నిజాలే, ఒక్కటీ నమ్మేలా లేదు. ఎవరో బీరువా తెరిచారు. యూఫ్రాజియా నల్ల గౌన్లు రెండే రెండు, రెండూ అక్కడే వేలాడుతున్నాయి. మరి ఆవిడ ఏం వేసుకుని వెళ్ళినట్టు?

ఊరు రెండుగా చీలింది. ఇతను యూఫ్రాజియా రహస్య ప్రియుడని సగం మంది. ఆమెను చంపి ఎక్కడో పారేశాడని సగం మంది. సెలెష్తీనా బాగా ఆలోచించి హత్య వైపే మొగ్గింది. ప్రియుడైతే వంశం పరువు పోతుంది, హంతకుడైతే పోదు. నలుగురు మగవాళ్ళు గడకర్రలు పట్టుకుని బావిలో వెతకడానికి బయల్దేరారు. పోలీసులకి కబురు పెట్టారు. గస్పార్‌ని వంటగదిలో కూర్చోబెట్టి, గుమ్మంలో నొర్బెర్తుని సుత్తితో సహా కాపలా ఉంచారు. మనిషిని ఆకలితో కూర్చోబెట్టడం మా ఊరి వంటికి పడదు, అతడు హంతకుడైనా సరే. అందుకని గిన్నెడు సూపు పోసి, నంచుకోవడానికి సంచీలోని రొట్టే కోసి పెట్టారు.

గస్పార్ ఆ రొట్టె వైపు చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, గండం గడుస్తుంది. కానీ రాత్రి ఆవిడ కూర వడ్డిస్తూ, మాటిమాటికీ జుట్టు సవరించుకుంటూ బల్తజార్ సంగతి చెప్పిన తీరు అతనికి గుర్తొచ్చింది. రొట్టె విషయంలో ఎలాగూ మాట తప్పాడు. ఇంకొకటి తప్పలేననుకుని సూపు తాగాడు.

ఈ లోపల, తిరుగు దారిలో మా ఊరి గంట విని ఎవరికో కనుక్కున్న మార్తీం వ్యాను తన దారిన తాను పోతూ, పక్క ఊరి చివర తేనెపెట్టెల దగ్గర ఆగింది. బల్తజార్ ముఖానికి ముసుగు వేసుకుని ఈగల మధ్య ఉన్నాడు. యూఫ్రాజియా ఒక్కతే వంటగదిలో కాఫీ గిన్నె ముందు కూర్చుని, మసిగుడ్డలు శుభ్రంగా ఉన్నాయా, కత్తులకు పదునుందా అని చూస్తోంది. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా మనసు తేలలేదు. అంతలో బయట పరుగెత్తే అడుగులు వినిపించాయి. బల్తజార్ ముసుగు తియ్యకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెనకాల నాలుగు ఈగలు కూడా వచ్చాయి.

"మీరు పోయారట," అన్నాడు రొప్పుతూ.

"ఎవరు చెప్పారు?"

"రొట్టెల మార్తీం. మీ ఊళ్ళో గంట కూడా కొట్టేశారట."

"ఇప్పుడేగా నాకు కాఫీ పోసి వెళ్ళారు. ఎలా నమ్మారు?"

"నమ్మలేదు," అన్నాడు బల్తజార్. ముసుగు లోపల ముఖం తడిగా ఉంది. "అయినా ఓసారి చూసుకుని పోదామని వచ్చాను."

ఆలివ్ తోటలో పట్టా వదిలేసిన నాటి నుంచి తేలని లెక్క అప్పుడు తేలిపోయింది. యూఫ్రాజియా కాఫీ గిన్నె కడిగి బోర్లించి, బండి తియ్యమంది.

ఫాదర్ గారి కారూ, బల్తజార్ మూడు చక్రాల బండీ ఒకేసారి వీధిలోకి వచ్చాయి. చనిపోయిన మనిషి నీలం గౌనులో బండి దిగింది. జెఫెరీను శిలువ గుర్తు వేసుకున్నాడు. బావి దగ్గర గడకర్రలు వేస్తున్నవాళ్ళకి చెప్పేవాళ్ళు లేక వాళ్ళింకా వెతుకుతూనే ఉన్నారు. అందరికంటే ముందు తేరుకున్నది సెలెష్తీనా.

"ఆ నీలం ఏంటి వదినా?" అంది.

ఆ మాట అన్నాక గాని ఆవిడకి పొద్దున మంచం దగ్గర తానన్నది గుర్తు రాలేదు. ఊరికి మాత్రం బాగానే గుర్తుంది. అందరూ ఆవిడ వైపే చూశారు. వంటగదిలోంచి నొర్బెర్తు, పొయ్యి బాగా మండుతోందని చెప్పాడు. సెలెష్తీనా మూతి బిగించి లోపలికి వెళ్ళి, బీరువాలోని రెండు గౌన్లూ తెచ్చి పొయ్యిలో పెట్టింది. బయటికి వచ్చి వదిన భుజం గట్టిగా పట్టుకుంది. "బతికున్నావు, అది చాలు," అని, మళ్ళీ ఏడ్చింది.

చావు కోసం ఇంత దూరం వస్తే చచ్చినవాళ్ళు లేరేమిటని ఫాదర్ గారు చిరాకుపడ్డారు.

"ఊరికే వెనక్కి వెళ్ళడమెందుకు ఫాదర్," అంది యూఫ్రాజియా. "కుర్చీలున్నాయి, వంటలున్నాయి, ఊరంతా ఇక్కడే ఉంది. మా ఇద్దరి పెళ్ళి ప్రార్థన ఇప్పుడే చదివెయ్యండి."

ఆయన చదివేశారు. శోకానికి వండిన ఉప్పుచేప సంతోషానికి కూడా బాగానే ఉంది. చేతులు వెనక్కి విరిచి పట్టుకుపోదామని వచ్చిన పోలీసు ఒకాయన గస్పార్ పక్కనే కూర్చుని మారు వడ్డించుకున్నాడు. ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పని మనిషి ఇతనేనని యూఫ్రాజియా చెప్పాక, అంతవరకూ హంతకుడన్న సగం మందీ ప్రియుడన్న సగం మందీ అతన్ని తమ ఇంట్లో ఉండమని పోట్లాడుకున్నారు. పెళ్ళిలో సాక్షి సంతకం కూడా అతనిదే. వారం నిద్రపోదామని వచ్చినవాడు నెల్లాళ్ళున్నాడు, ఒక్క పూట కూడా సరిగ్గా పడుకోనివ్వలేదు మావాళ్ళు.

పెళ్ళి మర్నాడు, నొర్బెర్తు మళ్ళీ బిగించిన యూఫ్రాజియా తలుపుకి రొట్టె సంచీ మధ్యాహ్నం దాకా వేలాడింది. గంట కొట్టడానికి బయల్దేరిన జెఫెరీనుని సెలెష్తీనాయే చెయ్యి పట్టుకుని ఆపింది.