దగ్గు నేర్చిన పిట్టలు

ఆ రోజు పొద్దున్న పాటల మాష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో దగ్గకూడదు. బస్సులో దగ్గకూడదు. ఆఫీసు గేటు దగ్గర అసలే దగ్గకూడదు. పిట్టల గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, అక్కడ తీరిగ్గా కడుపారా దగ్గుకోవాలి. ఆర్నెల్లుగా ఆయన దినచర్య ఇదే. పాపం, ఇంతకంటే పెద్ద కోరికలు కోరిన మనిషి కాదు.

పాటల మాష్టారంటే పాట వచ్చినవాడేమో అనుకునేరు. ఒక్క ముక్క రాదు. కూతురి చిన్నప్పుడు జోల పాడితే నిద్రపోతున్న పిల్ల కూడా లేచి ఏడ్చేదట. పసుపుగొంతు పిట్టల్ని పెంచే కేంద్రంలో గూళ్ళు కడగడం, మేత వేయడం ఆయన ఉద్యోగం. ఆ పిట్టలకి పాట పుట్టుకతో రాదు. పెద్దవాటి దగ్గర విని నేర్చుకోవాలి. అడవిలో పెద్దవి చాలామటుకు చచ్చిపోయాయి. మిగిలిన కుర్ర పిట్టలు నేర్పే దిక్కులేక కాకుల్నీ పిచ్చుకల్నీ అనుకరిస్తూ బతుకుతున్నాయి. ఆడపిట్టలు ఆ కూతలు విని, వీడెవడో మనవాడు కాదని మొహం తిప్పుకుపోతున్నాయి. జంటల్లేవు, గూళ్ళు లేవు, పిల్లల్లేరు. అందుకని ఎప్పుడో ఒక ముసలి పిట్ట పాడితే రికార్డు చేసిన పాటని, కేంద్రంలో పుట్టిన పిల్లలకి రోజూ వినిపిస్తున్నారు. ఆ రికార్డు మోగించే మీట నొక్కేది మన మాష్టారు. అదీ ఆయన సంగీత పాండిత్యం.

దగ్గు దాచడానికి ఆయనకి రెండు కారణాలున్నాయి. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు పిట్టల దరిదాపులకి రాకూడదని కేంద్రంలో కచ్చితమైన నియమం. వచ్చే వారమే మొదటి జట్టుని అడవిలో వదులుతున్నారు. గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచీ తన చేతిలో తిని పెరిగినవి ఎగిరిపోతుంటే, అది చూడకుండా ఇంట్లో మంచం మీద కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఇక రెండో కారణం భార్య. ఆమె తండ్రి ఇలాంటి దగ్గుతోనే పోయాడు. ఈ చప్పుడు ఆమె చెవిన పడితే ఏమవుతుందో తలుచుకోవడానికే ఆయనకి భయం. అందుకే ఇంట్లో దగ్గు తెర వస్తే స్నానాలగదిలో దూరి కుళాయి విప్పేవాడు. వాళ్ళింట్లో బకెట్లు ఎప్పుడూ పొంగిపొర్లుతూ ఉండేవి.

ఇంత ముందుచూపున్న మనిషి, చూడండి, ఎక్కడికొచ్చి దగ్గాడో! లోకంలో అన్ని చోట్లుండగా, వినడమే పనిగా పెట్టుకుని కూర్చున్న జీవాల ముందుకొచ్చి దగ్గాడు. రోజూ మొదట దగ్గు, తర్వాత మీట, ఆ తర్వాత పాట. పిట్టలకేం తెలుసు? పాట అలాగే మొదలవుతుంది కాబోలనుకున్నాయి. గొంతు ముదిరేదాకా కూనిరాగాలు తీసి, సరిగ్గా ఆ వారమే నోరు విప్పి పాడటం మొదలుపెట్టాయి. మాష్టారికి అనుమానం కూడా రాలేదు. తన దగ్గు బయటికి ఎలా వినిపిస్తుందో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

ఆ పొద్దున్నే పిట్టల డాక్టరమ్మ, వదిలేముందు ఒకసారి పరీక్ష చేద్దామని చెప్పాపెట్టకుండా వచ్చింది. మాష్టారు తన కార్యక్రమం ముగించుకుని, పెరట్లో నీళ్ళ గిన్నెలు నింపుతున్నాడు. గదిలోంచి కేక వినపడింది.

"మాష్టారూ! ఇలా రండి! ఈ దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

మాష్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో గిన్నెలతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"ఎంతో కాలం కాదమ్మా. ఓ ఆర్నెల్లు."

"ఆర్నెల్లా! నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పంపించేస్తారని..."

"పంపించక నెత్తిన పెట్టుకుంటారా? ఇంకెవరికైనా అంటితే?"

"జాగ్రత్తగానే ఉంటున్నానమ్మా. తలుపు వేసే ఉంచుతున్నాను."

"రక్తం గానీ పడుతోందా?"

మాష్టారు తల దించుకున్నాడు. "అప్పుడప్పుడూ. కొద్దిగానే."

"అయ్యో! మరి తిండి?"

"సగానికి సగం తగ్గిందమ్మా."

"ఈకలు? ఈకలు రాలుతున్నాయా?"

మాష్టారు తలెత్తాడు. అప్పటికి ఆయనకి సంగతి అర్థమైంది. వెంటనే నోరు తెరిచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. తెరవలేదు. గండం తన మీదినుంచి తప్పుకుందన్న సంబరంలో, పిట్టలకి నాలుగు చుక్కల మందేస్తారు, తాగుతాయి, అంతేకదా అనుకుని గిన్నెలు తీసుకుని చల్లగా జారుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది ఇక్కడే.

డాక్టరమ్మ పరుగున వెళ్ళి డైరెక్టరు చెవిన వేసింది. డైరెక్టరుకి పిట్టలంటే ప్రేమ, పై ఆఫీసంటే భయం. ప్రేమకీ భయానికీ పోటీ వచ్చిన ప్రతిసారీ ఆయన ఫోను దగ్గరికే వెళ్ళేవాడు. ఈ గదిలో దగ్గుగా బయల్దేరింది, ఫోను దాటేసరికి ఊపిరితిత్తుల వ్యాధి అయింది. అవతల ఒకాయన ఇంకొకాయనకి చెప్పేసరికి మహమ్మారి అయి కూర్చుంది. గేటుకి తాళాలు పడ్డాయి. రాకపోకలు బంద్. జీపు డ్రైవరు దుమ్ముకి ఒక్క తుమ్ము తుమ్మినందుకు సామాన్ల గదిలో పెట్టి గడియ పెట్టారు. కాఫీ తెచ్చిన మనిషిని లోపలికి రానివ్వలేదు, అప్పటికే వచ్చినవాణ్ణి బయటికి పోనివ్వలేదు. రేడియోలో వార్త వచ్చింది. అది విని ఊళ్ళో ఒకావిడ ముందు జాగ్రత్తగా తన పెంపుడు చిలకని కిటికీలోంచి వదిలేసింది. దాన్ని పక్కింటి పిల్లి పట్టుకుపోయింది. ఆ రోజు ఆ మహమ్మారికి బలైన పక్షి అదొక్కటే, కాని ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు.

మధ్యాహ్నానికి పై ఆఫీసు తీర్పు చెప్పింది. రక్త పరీక్షల ఫలితాలు రావడానికి రోజులు పడతాయి. అడవిలో మిగిలిన నాలుగు పిట్టలకీ ఇది అంటుకుంటే జాతే పోతుంది. కాబట్టి సాయంత్రంలోగా కేంద్రంలోని పిట్టలన్నిటికీ సూది వేసి చంపి, కాల్చెయ్యాలి.

బకెట్టు పట్టుకుని వరండాలో పోతున్న మాష్టారి చెవిన ఈ మాట పడింది. బకెట్టు అక్కడే వదిలేసి, జీవితంలో మొదటిసారి తలుపు తట్టకుండా డైరెక్టరు గదిలోకి వెళ్ళాడు.

"వాటికి జబ్బు లేదు సార్. జబ్బు నాకు. నేను దగ్గుతుంటే విని నేర్చుకున్నాయి."

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాష్టారూ, మీ బాధ నాకు తెలుసు. నేను మాత్రం మనిషిని కానా? కానీ ఇలాంటి కథలు పై ఆఫీసువాళ్ళకి చెప్పగలనా?"

"కథ కాదు సార్, నిజం."

"పొద్దున అడిగితే పిట్టలు ఆర్నెల్లుగా దగ్గుతున్నాయన్నారు," అంది డాక్టరమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "రక్తం పడుతోందన్నారు. తిండి తగ్గిందన్నారు."

"అదంతా నా సంగతేనమ్మా!"

"పొద్దునొక మాట, ఇప్పుడొక మాట!"

"సరే, ఏదీ, దగ్గండి చూద్దాం," అన్నాడు డైరెక్టరు.

మాష్టారు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. రాలేదు. పొద్దున డాక్టరమ్మ అన్ని ప్రశ్నలు వేశాక, ఎందుకైనా మంచిదని సీసాలో మందు సగం తాగేశాడు మరి. పైగా అధికారుల ముందు దగ్గు మింగడం ఆర్నెల్లుగా అలవాటైపోయిన గొంతు అది. గుండె మీద గుద్దుకున్నాడు. మెడ నొక్కుకున్నాడు. ఎంత తంటాలు పడ్డా "హుం" అని చిన్న మూలుగు వచ్చింది, అంతే. అది విని పిట్టేం, చీమ కూడా ఏమీ నేర్చుకోలేదు.

"వెళ్ళి కూర్చోండి మాష్టారూ," అన్నాడు డైరెక్టరు మెత్తగా. డాక్టరమ్మ సూదులున్న పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గొడవ మొదలైంది. మాష్టారి భార్య రేడియో వార్త విని, చేతిసంచీ భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. గేటు పక్కనే పిట్టల గది కిటికీ. అందులోంచి దగ్గు వినపడింది.

"ఏవండీ! కాసిని మంచినీళ్ళు తాగండి!" అని కిటికీకేసి కేకేసింది ఆవిడ.

"అది పిట్టమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"నాకు చెప్పొచ్చావు! ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, మా ఆయన దగ్గు నాకు తెలీదా? మనిషిని పంజరాల గదిలో పెట్టి తాళం వేస్తారా? ఎవరా డైరెక్టరు? పిలువు!"

ఆ కేకలకి అందరూ బయటికొచ్చారు. డైరెక్టరు, పళ్ళెంతో డాక్టరమ్మ, వెనకాల మాష్టారు. ఆవిడ మొగుణ్ణి చూసింది. ఆయన నోరు మూసుకునే ఉన్నాడు. కిటికీలోంచి ఆయన దగ్గు మళ్ళీ వచ్చింది. ఆవిడ కిటికీకేసి చూసింది, మొగుడికేసి చూసింది. డైరెక్టరూ అదే పని చేశాడు.

మాష్టారికి మాత్రం పిట్టలూ గుర్తు లేవు, సూదులూ గుర్తు లేవు. "నా దగ్గు... నీకెలా తెలుసు?" అన్నాడు.

"కుళాయి విప్పితే వినపడదని మీరనుకున్నారు. ఏదో అనుకుంటున్నారు కదా అని నేనూ ఊరుకున్నాను."

"ఒక్కసారన్నా అడగలేదేం?"

"అడిగితే లేదంటారు. లేదన్నాక నమ్మాలి కదా. మా నాన్నా లేదనే అన్నాడు."

మాష్టారు నవ్వబోయాడు. అది ఏడుపయింది. ఏడుపు గొంతులో అడ్డం పడి దగ్గయింది. ఇక ఆగలేదు. ఒక చేత్తో గేటు ఊచ పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, నడుం వంగిపోయి, ఆర్నెల్లు మింగిందంతా బయటికి దగ్గాడు. కిటికీలోంచి ఒక పిట్ట బదులిచ్చింది. దాని వెనక ఇంకోటి. గదిలోని పిట్టలన్నీ ఒక్కసారి దగ్గి, ఒక్కసారి ఆగి, ముసలి పిట్ట పాట ఎత్తుకున్నాయి. ఆ పాట అన్ని గొంతుల్లో వినపడి ఎన్నాళ్ళయిందో! ఎంత బావుందంటే, వాచ్‌మన్ టోపీ తీసేశాడు.

డాక్టరమ్మ పళ్ళెం కింద పెట్టింది. మాష్టారి చేతిలోని తువ్వాలు లాగి, దాని మీది రక్తపు మరక చూసింది. మెడలోని గొట్టం తీసి ఆయన వీపు మీద పెట్టి చాలాసేపు విన్నది.

"పిట్టలకేం లేదు సార్," అంది. మిగతాది ఎవరూ అడగలేదు.

వారం తర్వాత పిట్టల్ని అడవిలో వదిలారు. మాష్టారిని మూతికి గుడ్డ కట్టి, జీపులో దూరంగా కూర్చోబెట్టారు. అన్నీ ఎగిరిపోయేదాకా చూశాడు. వానలు పడకముందే పోయాడు.

పిట్టల చేత ఆ దగ్గు మాన్పించాలని డైరెక్టరు చాలా ప్రయత్నించాడు. అడవిలో చెట్టుకో స్పీకరు కట్టించి శుద్ధమైన పాట వినిపించాడు. ఒక్క మగపిట్టా పట్టించుకోలేదు. పక్క పంజరాల్లో అదే వింటూ పెరిగిన ఆడపిట్టలు దగ్గు లేని పాటకి తల కూడా తిప్పలేదు. దగ్గినవాడితోనే గూడు కట్టాయి. చివరికి డైరెక్టరు పై ఆఫీసుకి పంపిన నివేదికలో దానికి "ఆలాపన" అని పేరు పెట్టి పరువు కాపాడుకున్నాడు.

మరుసటేడు డాక్టరమ్మ మాష్టారి భార్యని వెంటబెట్టుకుని అడవికి తీసుకెళ్ళింది. ఇద్దరూ ఒక చెట్టు కింద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పైకొమ్మ మీద ఒక పిట్ట దగ్గింది. గట్టిగా, గుండె లోతుల్లోంచి, ఎవరికీ భయపడకుండా. ఆవిడ చెయ్యి తెలియకుండానే సంచీలోకి పోయి దగ్గుబిళ్ళ కోసం తడిమింది.

"ఇది ఇక్కడే పుట్టిన పిల్లండీ," అంది డాక్టరమ్మ గుసగుసగా. "మాష్టారిని చూడనే లేదు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది."

ఆవిడ పిట్ట పాటంతా అయ్యేదాకా తల పైకెత్తి విన్నది. తర్వాత బిళ్ళ సంచీలో పడేసి, మూతి బిగించింది.

"ఇంట్లో ఒక్కరోజు ఇంత గట్టిగా దగ్గి ఉంటే, నేను అడిగేదాన్ని కదా," అంది.