రద్దు కాని భోజనాలు

మంగళవారం పొద్దున ఎనిమిదింటికల్లా రెబెకా దోర్నాల చేరుకుని, చంద్రశేఖరరావు హోటల్లో మూల బల్ల మీద తన ప్లాను పరిచింది. ప్లానంటే చిత్తు కాగితం కాదు. ఎవరు ఎన్నింటికి ఏ మీట నొక్కాలి, నొక్కితే ఏం కనబడాలి, కనబడకపోతే ఎవరికి చెప్పాలి అన్నది వరసగా రాసిన పదకొండు పేజీలు. మార్కాపురంలో ఫణికుమార్ పెట్టిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టరు ఆమె ఒక్కతే. తప్పును పసిగట్టడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని ఒట్టేసి చెప్పొచ్చు.

శ్రీశైలం వెళ్లే యాత్రికులు దారిలో ఉండగానే ఫోన్లో భోజనం చెప్పుకునే యాప్ అది. "ఒక్కసారి తేడా వచ్చినా నా చీటీలు నాకుండాయి" అని చంద్రశేఖరరావు ముందే తేల్చేశాడు. ఫణికుమార్‌కు ఆయన మేనమామే, కానీ వ్యాపారం దగ్గర కాదు. ఈ పని పోతే ఆఫీసుకు తాళం, రెబెకాకు మళ్లీ హైదరాబాదు హాస్టలు. అమ్మ దగ్గరుండి ఉద్యోగం చేసుకునే భాగ్యాన్ని అంత తేలిగ్గా వదులుకునే పిల్ల కాదు ఆమె.

"ఆఫీసులో మనమే నొక్కి చూసుకుంటే సరిపోతుండె కదా?" అన్నాడు ఫణికుమార్.

"మనం సరిగ్గా నొక్కుతామన్నా. తప్పుగా నొక్కేటోళ్లు కావాల."

అందుకే తల్లి మార్తమ్మతో కలిపి, వాళ్ల ఊరి చర్చిలోని స్త్రీల సమాజం నుంచి పన్నెండు మందిని ఎంచుకుంది. పదింటికి తలా ఒక భోజనం చెప్పాలి. పదిన్నరకు అందరూ రద్దు చేయాలి. పదకొండుకు వంటింట్లో పెట్టిన తెర మీద మిగిలిన లెక్క చూశాకే వంటాయన నాగులు పొయ్యి వెలిగించాలి. మెతుకు కూడా వృథా కాదు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

పదింటికి పన్నెండు భోజనాలూ ఠంచనుగా తెర మీదికి వచ్చాయి. పదిన్నరకు ఒక్కటీ తగ్గలేదు సరికదా, పదమూడయ్యాయి. చూస్తుండగానే ముప్పై, డెబ్భై, నూటనలభై. ఫణికుమార్ ఉబ్బితబ్బిబ్బై, "చూసినావా మామయ్యా, ఇంకా మొదలుపెట్టకముందే!" అంటూ మేనమామను పిలుచుకొచ్చాడు. రెబెకా మాత్రం తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, క్యాన్సిల్ చేయమన్నా గదా?"

"అన్నం పెట్టమని చెప్పి మళ్లా వద్దంటే ఆ వండేటాయన ఏమనుకుంటాడే? ఎవురికీ చెయ్యి రాలే."

"మరి ఇంతమంది ఎందుకు చెప్పినారు?"

"పన్నెండిళ్లను పిలిచి పాపమ్మను ఇడిచిపెడితే రేపు ఆమె మొగం ఎట్ల చూసేది? ఆమెను పిలిచినాక ఆమె తోడికోడల్ని పిలవొద్దా? ఎందుకొచ్చిన మాటలని గ్రూపులో పెట్టేసినా. ఆటోలు ఎక్కినాం, వస్తాండాం."

తప్పు నంబరు కొడితే ఏం చేయాలో ప్లానులో ఉంది. సిగ్నల్ పోతే ఏం చేయాలో ఉంది. పాపమ్మ తోడికోడలి గురించి మాత్రం లేదు.

రెబెకా వంటింట్లోకి పరుగెత్తింది. "నూటనలభై మందికి పదకొండుకు పొయ్యి ఎలిగిస్తే అందేదెప్పుడమ్మా? బియ్యం పోసేసినా" అన్నాడు నాగులు, గంటె తిప్పుతూనే.

సంగతి తెలిసి చంద్రశేఖరరావు మండిపడ్డాడు. జేబులోంచి తన ఫోను లాగి 'అన్నీ రద్దు' మీట తానే నొక్కాడు. 'అన్నీ రద్దయ్యాయి' అని పచ్చగా వెలిగింది. "ఇంక మీరు పోయి ఆఫీసు మూసుకోండి" అన్నాడు.

లోపల్నుంచి నాగులు కేక వేశాడు. "బాబూ, ఒకటి తగ్గింది! నూటముప్పై తొమ్మిదికే గదా?"

రెబెకా ముఖం వెలిగిపోయింది. ఉద్యోగం ఊడే క్షణంలో దొరికిన తప్పును చూసి మురిసిపోయే మనుషులు ఎంతమంది ఉంటారు? గబగబా రాసుకుంది. "బాబాయ్, మీ ఫోన్లో అన్నీ పోయినాయి. వంటింట్లో మొదటిది ఒక్కటే పోయింది. ఇది ఆఫీసులో ఎన్నిసార్లు చూసినా దొరకలేదు."

చంద్రశేఖరరావు ఫోను చూశాడు, వంటింటి వైపు చూశాడు. నెమ్మదిగా కూర్చున్నాడు.

"అంటే... శివరాత్రికి ఘాట్ రోడ్డు మూసేసి ఆరువందల మంది వద్దంటే, నేను ఇది నొక్కి నిమ్మళంగా ఉంటే, లోపల ఈయన ఆరువందల మందికీ వండుతా ఉంటాడా?"

"అవును బాబాయ్."

"ఫణీ, ఈ అమ్మాయి సరే అనేదాకా యాప్ మొదలుపెట్టేది లేదు. ఎన్ని నెలలైనా పని మీదే. ఈ పూట భోజనాలు నా ఖర్చు."

అప్పటికే ఆటోలు వచ్చి ఆగాయి. హోటల్లో వడ్డించేవాళ్లు ఇద్దరేనని చూసి, చర్చి విందుల్లో ఆరితేరిన ఆడవాళ్లు కొంగులు బిగించి తామే విస్తళ్లు వేశారు.

వంటింటి తెర లెక్క ప్రకారం రద్దయిన ఆ ఒక్క భోజనం, అందరికంటే ముందు చెప్పిన మార్తమ్మది. ఆమె మూడుసార్లు సాంబారు పోయించుకుంది.