మరువం లేని దండ

పెరుందేవి వీధి అరుగు మీద కూర్చుని అరటినారతో పూజకు పూలు కడుతోంది. పక్కనే తడిగుడ్డలో ఇంకో దండ కనిపించింది. కొడుకు దేవనాథన్ తెల్లవారగానే కట్టి, స్నానానికి వెళ్లాడు. గుడ్డ తీసి చూసిన ఆమె ప్రాణం ఉసూరుమంది. ఒకచోట గుంపుగా చామంతులు, ఒకచోట ఒంటి తులసి, కొసన తోకలా మరువం.

అది నిజానికి కంప్యూటర్ ప్రోగ్రాము. ఎవరికీ పనికిరాని కంప్యూటర్ భాష తయారుచేసి, అందులో ఒక ప్రోగ్రాము రాయమని తిరుపతిలో అతని కాలేజీవాళ్లు పోటీ పెట్టారు. దేవనాథన్ పూలతో చేశాడు. తులసి వస్తే ఒకటి కలపాలి, చామంతి వస్తే రెట్టింపు చేయాలి, మరువం వస్తే జవాబు చెప్పి ఆగాలి. గెలిచిన ప్రోగ్రాము రాసినవాళ్లు వేసవంతా కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. దానికోసం అతనికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. పూలు వాడిపోతాయని, పోటీ పెట్టిన రాజారత్నం సారే ఇంటికి వస్తానన్నాడు.

పెరుందేవికి ఇవేవీ తెలియవు. "నా కడుపున పుట్టి ఇట్లనా కట్టేది" అనుకుంటూ అంతా విప్పింది. తులసి, చామంతి ఒకదాని పక్కన ఒకటి పొందికగా కట్టి, మరువం పక్కన పడేసి, రెండు కొసలూ కలిపి ముడివేసింది.

అంతలో రాజారత్నం వచ్చాడు. కాలేజీ సారు గడప తొక్కితే ఊరికే ఉండే మనిషి కాదు ఆమె భర్త శఠగోపం. చేతికందిన ఆ దండే తెచ్చి ఆయన మెడలో వేశాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన దేవనాథన్ దండ తీయబోయాడు. తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"మర్యాదకు ఏసిన మాల ఊడబీకుతావేమిరా?"

"అది నా ప్రోగ్రాము నాయనా. సారు సదవాల."

"మెళ్లో ఉంటే సదవలేడా?"

రాజారత్నం మొహమాటస్తుడు. మెడలోనే దండను తిప్పుకుంటూ లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, ఆరు, ఏడు, పద్నాలుగు..." దండ ఒక చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. కాఫీ చల్లారింది.

"ఇది యాడ నిలుస్తుందప్పా?"

"మరువం కాడ సార్."

"మరువం యాడుండాది?"

దేవనాథన్ తల్లివైపు చూశాడు.

"తోక మాదిరి ఉండాదని తీసేసినా" అంది పెరుందేవి. "ఏంరా, దేవుడికి తోకెందుకు?"

రాజారత్నం మెడ తుడుచుకున్నాడు. "మిగతావన్నీ యాడో ఒకచోట నిలిచినాయి. ఇంత పనికిరానిది ఇదొక్కటే. ఫస్టు ప్రైజు దీనికే."

దేవనాథన్ ముఖం వెలిగింది.

"అయితే ప్రైజు ప్రోగ్రాము రాసినోళ్లకి కదా" అంటూ ఆయన పెరుందేవివైపు తిరిగాడు. "మీ పేరేందమ్మా?"

సెలవులు మొదలైన రోజు పెరుందేవి పూలబుట్ట కొడుకు ముందు పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని, కాలేజీకని తిరుపతి బస్సుకు బయలుదేరింది.

ఆ రోజు దేవనాథన్ కట్టిన దండ సగంలోనే ఆగింది, తెగి.