సుమిత్ర ఇంట్లో టర్బో లారీ

బియ్యం డబ్బాలో లారీ ఇంజను ఉక్కు స్టడ్డులు దాచవచ్చా, దాచకూడదా అన్న తగవు జహీరాబాద్‌లోని సుమిత్ర ఇంట్లో పొద్దున మొదలై పగటన్నం వేళకు కూడా తెగలేదు.

"బియ్యంల ఉంటె తుప్పు పట్టదే! బొంబాయి సరుకది!" అంటాడు భర్త జగన్‌మోహన్.

"తుప్పు పట్టదు సరే, అన్నం గ్రీజు వాసనొస్తె ఎవరు తినాలె?" అంటుంది సుమిత్ర.

"జర ఓర్సుకో. లారీ మేస్త్రీ గురులింగప్ప రాంగనె తీసేస్త."

అమ్మలారా, అప్పుడే సుమిత్ర పక్షం చేరిపోకండి. నా మాట వినండి. ప్రతి ఇల్లాలి ఇంట్లోనూ ఒక టర్బో లారీ ఉండి తీరాలి! మిక్సీ, గ్యాస్ పొయ్యి తర్వాత సంగతి.

టర్బో అంటే ఏమిటంటారా? ఇంజనులోకి గాలిని దబాయించి కూరే చక్రం. బొంబాయి పాతసామాన్ల బజారులో దొరికితే తెచ్చి, జగన్‌మోహన్ తన చెరకు లారీకి బిగించాడు. అంతవరకు ఎడ్లబండికి కూడా దారిచ్చిన లారీ, చిరాగ్‌పల్లి దగ్గర బస్సులను దాటేయసాగింది. చక్కెర ఫ్యాక్టరీకి రోజుకొక ట్రిప్పు పోయేదల్లా రెండు పోసాగింది.

ఎంత అభివృద్ధి! రెండు ట్రిప్పులంటే డ్రైవరు మల్లప్ప, అతని వెంట చెరకు ఎత్తే మనుషులు రెండుసార్లు వచ్చి తింటారు. జొన్నరొట్టెల గుట్ట రెండింతలైంది. గాలి ఇంజనుకు, పొగ సుమిత్ర కళ్లకు. పంపకంలో అన్యాయమేముంది?

ఒక్కటే చిక్కు. గాలి ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి, ఇంజను మీద మూతలా కూర్చున్న హెడ్డు లేస్తుందట. దాన్ని అదిమిపట్టే బోల్టులు సాగిపోయాయి, హెడ్డు కింద సందు మూసే గ్యాస్కెట్ కాలింది. లారీ తెల్లపొగ కక్కుతూ రాయికోడ్ దారిలో నిలబడిపోయింది.

జగన్‌మోహన్ ఆ పూట ముద్ద ముట్టలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, "జ్వరమొచ్చినట్టు కాలుతున్నది" అన్నాడు. సుమిత్ర కళ్లు చెమర్చాయి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన ఒకరి ఒళ్లు పట్టి చూడటం అదే మొదలు!

రొట్టెలు కొట్టీ కొట్టీ సుమిత్ర కుడి మణికట్టు వాచింది కూడా ఆ వారమే. చేతికి ఆరాం ఇవ్వమంది దవాఖానలో డాక్టరమ్మ. ఇంట్లోవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? అత్త భాగీరథమ్మ వెంటనే బలానికి టానిక్కు తెప్పించింది.

"రెండు చెంచాలు తాగి చెయ్యి బిడ్డా, ఏం కాదు."

వాపు తగ్గకపోతే ఇంకా పెద్ద సీసా తెప్పించింది. ఇంతకు మించిన ప్రేమ ఎక్కడైనా ఉందా?

లారీకీ అదే వైద్యం. సాగిపోయిన బోల్టుల బదులు గట్టి ఉక్కు స్టడ్డులు. బియ్యం డబ్బాలో ఉన్నవి అవే. గాలి తగ్గిద్దామని ఎవరైనా అన్నారా? అలా అంటే దేశం ముందుకు పోతుందా!

గురులింగప్ప వచ్చి బిగించాడు. నడుమ నుంచి అంచులకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా, మళ్లీ మొదటి నుంచి. ఎంత బిగిసిందో చెప్పే సాధనం లేదు. మేస్త్రీ మూలుగే కొలత! మొదటి చుట్టుకు చిన్న మూలుగు, ఆఖరు చుట్టుకు పురిటి కేక. గల్లీలో ఆడవాళ్లు వేణ్ణీళ్లు పెట్టాలా అని అడిగిపోయారు.

జగన్‌మోహన్ ఒక్కో స్టడ్డునూ మెత్తటి బట్టతో తుడిచి అందిస్తూ "జర పైలం, జర పైలం" అని జాగ్రత్త చెప్పాడు. ఆ మాట ఆయన నోట ఎంత తీయగా ఉంటుందో, లోపల రొట్టె తిప్పుతూ సుమిత్ర విన్నది.

స్టడ్డులు అద్భుతం! హెడ్డు మళ్లీ లేవలేదు. పాపం, ఒత్తిడే ఇంకో దారి చూసుకుంది. చెరకు సీజను నడుమ, హెడ్డు కింద ఉండే ఇంజను బ్లాకే పగిలింది. పగిలిన బ్లాకు మీద హెడ్డు మాత్రం నిన్న కూర్చున్నంత నిటారుగా కూర్చునే ఉంది.

ఆ సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నారు. జగన్‌మోహన్ తల్లివైపు తిరిగాడు.

"తప్పు నాదే అమ్మా. స్టడ్డులు గట్టిగున్నయని ఇష్టమొచ్చినట్టు పనిచేయిస్తిమి. అది గూడ ఎంతని ఓర్సుకుంటది? వేరే బ్లాకు దొరికినంక గాలి తగ్గిస్త. ఒక్క ట్రిప్పే."

"పాపం, నోరులేనిది!" అంటూ భాగీరథమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఇనుమైతే ఏంది పటేలా, దానికి మాత్రం పాణముండదా?" అన్నాడు మల్లప్ప, ఇంకో రొట్టెకు చెయ్యి చాపుతూ.

చూశారా, ఎంత దయగల ఇల్లో! అందుకే ఇంటికొక లారీ ఉండాలన్నాను. అదే లేకపోతే, "ఎంతని ఓర్సుకుంటది" అన్న మాట ఆ ఇంట్లో మగవాళ్లకు వచ్చునని సుమిత్రకు ఎప్పటికి తెలిసేది?

సుమిత్ర ఎడమచేత్తో మల్లప్పకు రొట్టె వేసింది. గొంతు పెంచలేదు.

"అత్తమ్మా, రేపటి సంది నేను ఇంట్లోల్లకే చేస్త, అది గూడ ఒక్క పూటనే. లారీ మల్ల నడిచినా గంతే. మల్లప్పోళ్ల రొట్టెలకు పక్క గల్లీ బస్వమ్మతోని మాట్లాడిన. పొద్దుగాల్నే వస్తది."