అద్దాల గదిలో అత్తగారు

నగరంలో గాలి నిక్షేపంగా ఉందని అధికారికంగా నిర్ధారణ అయింది. ఆ కబురు విని జనం చప్పట్లు కొట్టారు. అరచేతుల్లోంచి లేచిన దుమ్ము సర్దుకుంటేగాని కొట్టింది ఎవరో తెలియలేదు.

నగర సర్వతోముఖాభివృద్ధి ప్రణాళిక మొదలుపెట్టినప్పుడే పెద్దలు ఒక జాగ్రత్త తీసుకున్నారు. పనుల వల్ల పర్యావరణానికి చీమ కుట్టినంత హాని జరిగినా కనిపెట్టడానికి ఒక మిషను, ఆ మిషనును కనిపెట్టుకుని ఉండడానికి ఒక గుమాస్తా ఏర్పాటయ్యారు. మిషనులో ముల్లు వరసగా మూడు రోజులు ఎర్రగీత దాటితే పనులు ఆపెయ్యాలి. అది నియమం. ఇంత మంచి నియమం రాసినవారికి శాలువా కూడా కప్పారు.

గాలి గుమాస్తాగా పేరుపడ్డ ఆ మనిషి కాపురం సిమెంటు కలిపే మరకు సరిగ్గా ఎదురుగా. ఆ వీధి సంగతి చెబితే కోతలంటారు గాని, అక్కడ కాకులు ఎగరడం మానేసి గాలిమీద నడిచి పోయేవి. ఆరేసిన చీర దించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. ఎదురింటివాళ్లు ఊళ్లో ఉన్నదీ లేనిదీ తుమ్ముల్నిబట్టి తెలుసుకునేవారు. నమ్మనివారు వెళ్లి దగ్గి రావచ్చు.

ఆ ఇంట్లో గుమాస్తా అత్తగారు ఉబ్బసంతో మంచం పట్టింది. ఆవిడ ఊపిరి తీస్తుంటే వినేవాళ్లకు ప్రాణం పోయేది.

"ఆ ముల్లేదో ఉన్నదున్నట్టు చూపిస్తే పని ఆగుతుందిగా. మా అమ్మ బతుకుతుంది" అంది భార్య.

"ముల్లు నా మాట వింటుందా?"

"మీ మాట ఎవరు విన్నారు గనక" అంది మంచం మీంచి అత్తగారు. "దాని మాట దాన్ని చెప్పనివ్వండి చాలు, అల్లుడుగారూ."

దాని మాట అది మొదటిరోజే చెప్పింది. వీధిలో పెట్టీ పెట్టగానే ముల్లు ఎర్రగీత దాటేసి, ఇంక పోవడానికి చోటులేక అక్కడే వణుకుతూ నిలబడింది. పనులు చేయించే ఇంజనీరు వచ్చి చూసి జాలిపడ్డాడు. "దుమ్ములో పెడితే ఏ మిషనయినా దుమ్మే చూపిస్తుందయ్యా. దాని తప్పేముంది" అన్నాడు. సున్నితమైన యంత్రం పాడవకూడదని వీధి చివర అద్దాల గది కట్టించి, ఏసీ పెట్టించి, చెప్పులు బయట విడవమని బోర్డు రాయించాడు. ఆ రోజునుంచి ముల్లు ఆకుపచ్చ గీత మీద పడుకుని మళ్లీ లేవలేదు. నగరంలో గాలి నిక్షేపంగా ఉందన్న నిర్ధారణ అక్కడినుంచి వచ్చిందే.

ఒక మధ్యాహ్నం అత్తగారికి ఆయాసం ముదిరింది. ఆసుపత్రికి పోయే దారంతా అభివృద్ధి చెందుతూ ఉంది. గోతులు తప్ప దారి లేదు. దిక్కుతోచక గుమాస్తా ఆవిడను చేతులమీద ఎత్తుకుని అద్దాల గదిలోకి తెచ్చి కూచోబెట్టాడు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. ఆవిడ చుట్టూ కలియజూసింది.

"ఇదా మీ ఉద్యోగం. పాపం, కష్టపడుతున్నారనుకున్నాను" అని, కప్పుకున్న దుప్పటి తీసి ఒక్క దులుపు దులిపింది.

ముల్లు లేచి కూచుంది.

అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది వీధిలోకి రాదటగా. వీధినే దాని దగ్గరికి తెద్దాం" అంది అత్తగారు.

వరసగా మూడు రోజులు దుప్పటి వచ్చింది, దులిపించుకుని వెళ్లింది. మూడు రోజులూ ముల్లు ఎర్రగీత అవతలే ఉంది. గుమాస్తా తన పెళ్లిలో కూడా అంత నిటారుగా నడిచి ఎరగడు. అలా నడిచివెళ్లి నగర కమిషనరుగారికి విన్నవించుకున్నాడు. కమిషనరుగారు ఆగమేఘాల మీద వచ్చి, విచారణ జరిపి, గది ముందే సభ పెట్టించారు.

"సోదర సోదరీమణులారా! ఈ నగరంలో దుమ్మెక్కడిదని కొందరు గిట్టనివాళ్లు అడుగుతూ వచ్చారు. మన పర్యవేక్షణ వ్యవస్థ ఇవాళ దోషిని పట్టుకుంది. ఆ దుమ్ము ఈ తల్లి దుప్పట్లోది. ఆవిడ రాకముందు ముల్లు పడుకుని ఉంది, వచ్చాక లేచింది. ఇంతకన్నా రుజువేం కావాలి? దుమ్ములో నాకు గాని, నా శాఖకు గాని వీసమెత్తు పాత్ర లేదని మీ అందరి ఎదుటా సంతకం చేస్తున్నాను."

చేశారు. తమ ఇళ్లలో దుప్పట్లూ అలాంటివేనని తెలిసి కూడా జనం చప్పట్లు కొట్టారు.

ప్రణాళికలో ఇంకో నియమం ఉంది. దుమ్ము లేపేది ఏదైనా సరే, కప్పి మూసి ఉంచాలి. సిమెంటు మరను కప్పేంత కప్పు ఎక్కడా దొరకలేదు. అత్తగారికి దొరికింది. ప్రజాక్షేమం దృష్ట్యా ఆవిడను దుప్పటితో సహా అద్దాల గదిలో ఉంచాలనీ, ఏసీ ఆపరాదనీ, గుమాస్తా తలుపు దగ్గర కాపలా ఉండాలనీ ఉత్తర్వులయ్యాయి.

అత్తగారి బుగ్గలు పూడాయి. కూతురు పట్టుకెళ్లిన అన్నం చాలక మళ్లీ వేయించుకుంటోందని వీధంతా తెలిసింది. మర్నాడు పక్కింటాయన ఇంజనీరు కాళ్లమీద పడ్డాడు.

"బాబ్బాబు, మా ఆవిడ దుప్పటి ఇంకా ఘోరమండి. ఒక్కసారి దులిపించి చూడండి."

"వాళ్లది నిన్నమొన్నటి దుమ్మండీ. మాది మా తాతలనాటిది" అని వెనకింటాయన అడ్డుతగిలాడు.

వీధి వీధంతా దుప్పట్లు చంకనపెట్టుకుని నేరం ఒప్పుకోవడానికి వరస కట్టింది. వాళ్లను విచారించాల్సిన ఇంజనీరు కూడా చొక్కా ఉతకడం మానేశాడు. ఒప్పుకున్నవాళ్లను ఒప్పుకున్నట్టే లోపల వేస్తూ, గదిని పెంచుకుంటూ పోయారు.

చివరికి ఒకరోజు కమిషనరుగారే నోటికి రుమాలు అడ్డుపెట్టుకుని, దగ్గుతూ, తలుపు దగ్గరికి వచ్చారు.

"ఏమయ్యా, ఓ మూల కుర్చీ ఏమన్నా ఉందా?"

గుమాస్తా చేతులు కట్టుకున్నాడు. "తమరే తప్పూ చేయలేదని సంతకం ఉందండీ. నిర్దోషుల్ని లోపల పెడితే నా ఉద్యోగం పోతుంది."

"తలుపు వేసెయ్యండి అల్లుడుగారూ" అని లోపలినుంచి అత్తగారు కేకేసింది. "మంచివాళ్ల వెంట దుమ్ము వస్తోంది."

చదివేవారికి మనవి. గదిలో ఇంకా చోటుంది. ఆ సభలో చప్పట్లు కొట్టిన చేతులు తెచ్చి చూపిస్తే చాలు, దుప్పటి కూడా అక్కర్లేదు. కొట్టలేదనేవారు నిరభ్యంతరంగా బయటే ఉండి దగ్గుకోవచ్చు.