మామగారి అర అంగుళం

జాకీలు తయారుచేసే పెద్దమనుషులారా, ముందు మిమ్మల్నే నిలదీయాలి. పెట్టె మీద "మూడు టన్నులు" అని ఏనుగంత అక్షరాలతో అచ్చేస్తారు. పూర్తిగా దించినప్పుడు జాకీ ఎంత ఎత్తుంటుందో, అంటే అసలు కారు కిందికి దూరుతుందో లేదో చెప్పే ఆ ఒక్క అంకెని మాత్రం జాకీ పొట్ట కింద, చీమ తలకాయంత చీటీ మీద అంటిస్తారు. ఆ చీటీ చదవాలంటే జాకీని ఎత్తాలి. దాన్ని ఎత్తాలంటే ఇంకో జాకీ కావాలి. మీ తెలివి తెల్లారినట్టే ఉంది. దానికి బలైనవాడు టైర్ల షాపు అల్లుడు.

ఆ రోజు అతని పథకం చాలా మామూలుది. తొమ్మిదింటికి జాకీ కొనడం, పదింటికి పళ్ళ డాక్టరమ్మ కారు రాగానే పైకెత్తడం, పన్నెండింటికల్లా నాలుగు టైర్లూ మార్చి పంపెయ్యడం. కాకపోతే ఆవిడది స్పోర్ట్స్ కారు. రోడ్డు మీద వెళుతుంటే నేలని నాకుతున్నట్టుంటుంది. షాపులో ఉన్న పాత జాకీ దాని పక్కన ఒంటెలా నిలబడుతుంది.

షాపు మామగారిది. ఆయనకి ఎల్లుండి మోకాళ్ళ ఆపరేషన్. రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. "ఆ కారు గీత పడకుండా లేచి, గీత పడకుండా దిగిందా, షాపు నీ చేతికిస్తా అల్లుడూ. లేదంటే షట్టరు దించేస్తా. నువ్వు పోయి మళ్ళీ ఆ గోడౌన్ గుమాస్తాగిరీ వెలగబెట్టుకో" అని ముందే తేల్చేశాడాయన. ఆ గోడౌన్ పేరెత్తితే అల్లుడికి ఇప్పటికీ తుమ్ములొస్తాయి. అందుకే ముందురోజే క్లినిక్కు ముందు బోర్లా పడుకుని టేపు పెట్టి కొలిచాడు. కారు కింద ఖాళీ సరిగ్గా ఐదంగుళాలు.

"ఎన్ని టన్నులు కావాలి?" అన్నాడు సామాన్ల కొట్టతను.

"టన్నులు కాదండీ, ఎత్తు చెప్పండి."

"ఎంతెత్తయినా లేపుతుంది."

"లేపడం సంగతి తర్వాత. దించితే ఎంతుంటుంది?"

"జాకీ కొనేది లేపడానికా, దించడానికా?" అంటూ కొట్టతను అతన్ని ఎగాదిగా చూశాడు. చివరికి ఇద్దరూ కలిసి, చక్రాల మీద నడిచే ఆ ఇనప మొద్దుని రొప్పుకుంటూ తిరగేస్తే చీటీ కనబడింది. నాలుగుంపావు అంగుళాలు. ఐదులోకి నాలుగుంపావు హాయిగా దూరుతుంది. అల్లుడు ఈలేసుకుంటూ జాకీని తోసుకొచ్చాడు.

కారు కుంటుకుంటూ వచ్చింది. "దారిలో మేకు దిగిందండీ. స్టీరింగు వైపు ముందు టైరు" అంటూ డాక్టరమ్మ దిగింది. "తొందరగా కానివ్వండి. ఒకాయనకి చిగుళ్ళకి మత్తిచ్చి వచ్చాను."

ఆవిడ దిగిన సీటు ఖాళీగా కనబడేసరికి మామగారి కళ్ళు మెరిశాయి. "ఒక్కసారి కూర్చుని చూస్తానమ్మా" అన్నాడు. ఆయన కూర్చోవడమంటే మాటలు కాదు. మనిషి క్వింటాలుంటాడు, మోకాళ్ళు వంగవు, సీటేమో పాతాళంలో ఉంది. డాక్టరమ్మ ఒక చెయ్యి, అల్లుడు ఒక చెయ్యి పట్టుకుని బీరువాని మెట్లు దింపినట్టు దింపారు.

అల్లుడు జాకీ తోశాడు. దూరలేదు. కాలితో తన్నాడు. అయినా దూరలేదు. టేపు పెడితే నాలుగంగుళాలు! టేపు మీదే అనుమానం వచ్చి ఇంకో టేపుతో కొలిచాడు. అదీ నాలుగే అంది. నిన్నటి ఐదులో ఒక అంగుళం రాత్రికి రాత్రి ఎక్కడికి పోయింది? కారు కుంగిందా, నేల లేచిందా? గాలి పోయిన టైరు అర అంగుళం తిన్నదని కాసేపటికి తట్టింది. గాలి కొడితే కొట్టిందంతా మేకు పక్కనుంచి బుస్సుమని పోయింది. మరి మిగిలిన అర అంగుళం?

అల్లుడు మెల్లగా తలెత్తాడు. లోపల మామగారు పొట్ట స్టీరింగుకి ఆనించి, ఏసీ గాలికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ అర అంగుళం సాక్షాత్తూ ఆయనే.

తెలిసి ఏం లాభం? పిల్లనిచ్చిన మామని పట్టుకుని 'మీ బరువుకి కారు కుంగింది, దిగండి' అని ఏ నోటితో అంటాడు?

"మామగారూ, బయట కూర్చుని టీ తాగుదామా?"

"ఇక్కడికే తెప్పించు."

"లోపల ఉక్కగా ఉందేమో..."

"చల్లగా ఉందయ్యా. నువ్వు పని చూడు."

భార్యకి ఫోన్ చేశాడు. "మా నాన్నకి నేను చెప్పేదేంటి? మీరే చెప్పండి, అల్లుడి మాటంటే ఆయనకి గురి" అని పెట్టేసింది.

అల్లుడు మళ్ళీ కొట్టుకి పరిగెత్తాడు. "ఇంకా పొట్టిది కావాలి."

"మళ్ళీ పొట్టిదా? ఎన్ని టన్నులు?"

"మీకు దండం పెడతాను, పొట్టిది ఇవ్వండి!"

రెండో జాకీ కారు కింద ఎలుకలా దూరింది. కానీ అది లేచేది కూడా ఎలుకంతే. పిడి ఎంత కొట్టినా కారు ఒళ్ళు విరుచుకున్నట్టు కాస్త కదిలింది తప్ప టైరు నేలని వదల్లేదు. మళ్ళీ పరిగెత్తి తెచ్చిన మూడో జాకీ పొట్టిదే, ఎత్తూ లేపుతుంది. అయితే మంచమంత పొడుగు. కిందికి తోస్తే పిడి వెళ్ళి వెనక గోడకి కొట్టుకుంది. కారుని పక్కకి జరపాలి. జరపాలంటే మామగారు దిగాలి.

అల్లుడు గోడని కొలవడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, గోడ పగలగొడతారా ఏంటి?" అంది డాక్టరమ్మ. "మా పేషెంటుకి మత్తు దిగిపోయిందట, ఫోన్లో అరుస్తున్నాడు."

అంతలో కారులోంచి మూలుగు వినబడింది. "అల్లుడూ! ఇంకెంతసేపయ్యా ఈ బ్రేకు తొక్కి పట్టుకోవడం? మోకాళ్ళు పోతున్నాయి!"

"బ్రేకెందుకు తొక్కారు మామగారూ?"

"నువ్వు దిగమనలేదుగా! కారు జారకుండా నేను కావాలేమో అనుకున్నా. లేకపోతే మూడు గంటలు ఈ గుంటలో ఎవడు కూర్చుంటాడు?"

"మీరు కూర్చోవడం ఈ పనిలో ఒక భాగమేమో అనుకుని నేనూ ఊరుకున్నాను" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ చెరో రెక్కా పట్టి మామగారిని బయటికి లాగారు. కారు హమ్మయ్య అన్నట్టు అర అంగుళం లేచింది. మొదటి జాకీ వెన్నలో కత్తిలా దూరింది. నాలుగుసార్లు పిడి కొట్టగానే టైరు గాల్లో తేలింది.

మామగారు చుట్టూ ఉన్న మూడు జాకీలని చూశాడు. గోడని చూశాడు. అల్లుణ్ణి చూశాడు. "అంటే ఇంతసేపూ అడ్డం నేనా? ఆ ముక్క తెలిసి కూడా నోరు పెగల్లేదా? రేపు ఇంకెవడో కస్టమరు లేచిన బండిలో కూర్చుంటే వాడిక్కూడా టీ ఇస్తావా? షాపు నీకిస్తే కొంప మునుగుతుంది. షట్టరు దించెయ్!"

అల్లుడి కళ్ళముందు గోడౌన్ గిర్రున తిరిగింది. మామగారు విసురుగా వెనక్కి తిరిగి, సీటు మీద మరిచిన కళ్ళజోడు కోసం కారులోకి వంగి ఒక కాలు లోపల పెట్టాడు. ఒంటి జాకీ మీద నిలబడ్డ కారు కిర్రుమంది.

"దిగు!" అని అరిచాడు అల్లుడు. 'గారు' లేదు, 'అండి' లేదు. ఎదురు కొట్టు వాళ్ళంతా బయటికొచ్చారు.

మామగారు కాలు బయట పెట్టాడు. అల్లుణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"ఈ గొంతు పొద్దున్నుంచీ ఏ జేబులో పెట్టుకున్నావయ్యా?" అన్నాడు. "సరే. ఎల్లుండినుంచి షాపు నువ్వే చూసుకో. నేనొచ్చినా ఇలాగే అరవాలి. కానీ ఇంట్లో మాత్రం అరిచావో, చూడు మరి!"

కాబట్టి జాకీల కంపెనీ వాళ్ళు ఇక సాకులు చెప్పకూడదు. దించిన ఎత్తుని పెట్టె మీద టన్నులంత అక్షరాలతో ఇవాళే అచ్చెయ్యాలి. దాని కిందే "ముందు లోపలున్న పెద్దవాళ్ళని దించండి" అని ఎర్ర సిరాతో రాయాలి. ఆ మాట ఎలా అనాలో నమూనా వాక్యం కూడా ఇవ్వాలి, అల్లుళ్ళకి విడిగా.