కిర్రుమనని కారు తలుపు

ఆ రోజు పొద్దున రోశయ్య పెట్టుకున్న పని ఒక్కటే, కారు తలుపు నోరు మూయించడం. తెల్లవారుజామున మిరప యార్డుకు బయల్దేరుతూ ఆయన తలుపు తీస్తే ఎదురింట్లో అన్న బాపయ్యకు నిద్ర చెడుతోందట. ఆ మాట బాపయ్య నేరుగా అనలేదు, పాలుపోసే కోటేశ్వరితో చెప్పించాడు. కిందటేడు కళ్లంలో మిరపకాయలు ఎవరు ముందు ఆరబోయాలన్న దగ్గర మాటామాటా పెరిగి, ఈలోగా వాన వచ్చి ఇద్దరి కాయలూ తడిశాయి. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అన్న పలకరించకపోవడం రోశయ్యకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. అయినా పౌరుషం పౌరుషమే.

"రేపట్నించి చీమ చిటుక్కుమంటే అడగమను," అని కోటేశ్వరితోనే తిరుగు కబురు పెట్టాడు.

చేతికి పత్తిగింజల నూనె అందింది. తలుపు మడతబందుల్లో ధారాళంగా పోశాడు. యార్డుకు వెళ్లొచ్చేసరికి మిరప దుమ్మూ, పత్తి బళ్ల నుంచి ఎగిరిన దూదీ దానికి అంటుకుని జిగురుముద్ద అయింది. మర్నాడు తలుపు కిర్రుమనలేదు, కేక పెట్టింది.

"వంటనూనె ఇనప ముక్కకెందుకు పడుద్దండీ," అంది భార్య వెంకటేశ్వరమ్మ, చెల్లెలింటికి చీరాల బస్సెక్కుతూ.

రోశయ్య గుంటూరు వెళ్లి, బ్రాడీపేటలో ఒక స్పేర్ పార్టుల కొట్లో, పిల్లకు సంబంధం చూస్తున్నంత గంభీరంగా డబ్బాలన్నీ తిప్పి చూశాడు.

"స్ప్రే అయితే తొందరగా ఆరిపోద్దండి. తెల్ల గ్రీజు నిలబడుద్ది," అన్నాడు కొట్టు యజమాని గౌస్ బాషా. "ముందు ఆ జిడ్డంతా కిరసనాయిలుతో కడగండి."

రోశయ్య ఇంటికొచ్చి కడిగాడు, ఆరబెట్టాడు, గ్రీజు కొంచెమే రాశాడు. తలుపు తీసి వేసి, పైకి వచ్చిన గ్రీజును గుడ్డతో తుడిచాడు. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం విని ఆయన గుండె నిండింది. తెల్లవారుజామున ఫోను మంచం మీదే మర్చిపోయి, వీధి తలుపు లోపలి గడియ తీయకుండానే పెరటి దారిన వచ్చి, షెడ్డులోంచి కారు తీసుకుని, షెడ్డు తలుపు మళ్లీ మూసి యార్డుకు వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది కోటేశ్వరి చెప్పగా తెలిసింది. ఎదురింట్లో బాపయ్య మామూలుగానే మేలుకుని కిర్రు కోసం ఎదురుచూశాడట. వీధిలో ఇంజన్లు ఎన్నో పోతాయి, ఆ కిర్రు మాత్రం తమ్ముడిదే. తమ్ముడి శపథాన్ని నిన్నటి కేకతోనే ఆయన కొట్టిపారేశాడు. తెల్లగా తెల్లవారినా కిర్రు వినపడలేదు. కోటేశ్వరి వెళ్లి పిలిస్తే పలికినవాళ్లు లేరు. ఫోను చేస్తే లోపలే మోగుతోంది. చీరాలకు చేస్తే, "ఆయన ఇంతసేపు పడుకోరే," అంటూ వెంకటేశ్వరమ్మ ఏడుపందుకుంది. ఆ ఏడుపు ఫోనులో విన్నవాళ్లు విషయం ఖాయం చేసుకున్నారు. ఒకరు దండ తెచ్చారు. ఒకరు షామియానా చెప్పారు. తలుపు పగలగొట్టడానికి గునపం కోసం మనిషి వెళ్లాడు.

రోశయ్య తిరిగొచ్చేసరికి వీధి నిండా జనం. కారు వీధి చివరనే ఆపి, చప్పుడు కాకుండా దిగి, ముందున్నవాణ్ణి అడిగాడు.

"ఎవరికేమైంది?"

"రోశయ్య పోయాడంట," అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

రోశయ్య జనం తలల మీదుగా తొంగిచూశాడు. అవతల రోశయ్య ఇంటి గుమ్మంలోనే అన్న కూలబడి ఏడుస్తున్నాడు.

"తలుపు సద్దు ఆపమన్నానే గానీ, ఇట్టా సద్దు లేకుండా పోతావనుకోలేదురా తమ్ముడూ. ఈ యేడు కళ్లంలో ముందు నువ్వే పోసుకుందువురా."

ఏడాదిగా ఆ గొంతు తనకోసం పలకలేదు. రోశయ్యకు కళ్లనీళ్లు ఆగలేదు. జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లాడు.

"అట్టాగే అన్నయ్యా," అన్నాడు.

బాపయ్య తలెత్తి, తమ్ముణ్ణి కిందికీ పైకీ చూసి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే. తలుపు చప్పుడు కాలేదు."

"తెలుస్తానే ఉంది."

"మరి కళ్లం?"

"అనేశాను గదా," అన్నాడు బాపయ్య ముఖం గంటుపెట్టుకుని. "ఇంతమంది విన్నారు. ఇంకెట్టా తప్పుతాను?"

దండ తెచ్చినవాళ్లు దాన్ని ఏం చేయాలో తోచక కారుకు వేశారు. సాయంత్రం బాపయ్య ఒక సీసాలో కిరసనాయిలు, పాత గుడ్డ పట్టుకుని వీధి దాటి వచ్చాడు.

"ముందు ఆ గ్రీజు తుడిచెయ్," అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున కారు తలుపు కిర్రుమంది. ఎదురింట్లో బాపయ్య అది విని, అటు తిరిగి పడుకుని గుర్రుపెట్టాడు.